ఏడు నెలలుగా మా ఇంట్లో ఉన్న పాప ఒక్కసారి కూడా అలగలేదు

విభాగం: పిల్లలు, పెంపకం

పెన్నాతీరం (అనంతపురం)
8 జూన్ 2025, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ వేదికలో చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. నా సందేహం విని ముందు మీరు నవ్వవచ్చు. పిల్లలు మాట వినడం లేదని బాధపడే తల్లులు ఊరినిండా ఉంటారు గానీ, మరీ ఎక్కువగా వింటోందని నిద్రపట్టని ఆడమనిషి మీకెక్కడా కనిపించి ఉండదు.

నాకు 41 ఏళ్లు, మా ఆయనకు 46. మా అబ్బాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు. గత నవంబరులో బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మేరకు 9 ఏళ్ల పాపను ఫాస్టర్ కేర్ (తాత్కాలిక పెంపకం) కింద మా ఇంటికి పంపించారు. ఇది దత్తత కాదు. పాపకు తండ్రి లేడు, తల్లి ఉంది. ఆమె మానసిక వ్యాధికి చాలాకాలంగా చికిత్స పొందుతోంది. ఆరేళ్లు వచ్చేవరకు పాప ఆ తల్లి దగ్గరే పెరిగింది, తరువాత మూడేళ్లు బాలికల గృహంలో ఉంది. సమితి అనుమతితో రెండు నెలలకొకసారి మేమే తీసుకెళ్లి తల్లిని చూపించి వస్తున్నాం. (గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.)

పాప పొద్దున ఐదున్నరకే లేస్తుంది. ఎవరూ చెప్పకుండానే దుప్పటిని అంచుకు అంచు కలిపి మడిచి, దాని పక్కన చేతులు కట్టుకుని కూర్చుంటుంది. నన్ను మేడం అని, మా ఆయనను సార్ అని పిలుస్తుంది. మంచినీళ్లకు కూడా "తాగొచ్చునా మేడం" అని అడిగి, నేను తలూపేదాకా కుండ దగ్గరే నిలబడుతుంది. ఉగ్గాని, బజ్జి అంటే ఇష్టమని ముఖం చూస్తేనే తెలుస్తుంది, అయినా రెండోసారి వడ్డించబోతే "చాలు మేడం" అంటుంది. బట్టలు పెట్టుకోవడానికి బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఇస్తే, ఇప్పటికీ తను తెచ్చుకున్న సంచిలోనే పెట్టుకుని, ఆ సంచిని మంచం కింద చేతికందేలా ఉంచుకుంటోంది. మొన్న దిండు గలేబు ఉతుకుదామని తీస్తే నోటుపుస్తకం కాగితంలో చుట్టిన రెండు చపాతీ ముక్కలు, ఒక బెల్లంగడ్డ బయటపడ్డాయి. చీమలు పట్టి ఉన్నాయి.

ఇంటికి వచ్చిన చుట్టాలందరూ "ఎంత బుద్ధిమంతురాలో, మీ అదృష్టం" అంటున్నారు. మా అబ్బాయి ఆ వయసులో నచ్చిన బొమ్మ కొనకపోతే నడివీధిలో పడి దొర్లేవాడు. ఈ పాప ఏడు నెలల్లో ఒక్కసారి మారాం చేయలేదు, ఏడవలేదు, అలగలేదు. ఎక్కడో పొరపాటు చేస్తున్నామేమోనని నా భయం. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

చెనిక్కాయ (కదిరి)
8 జూన్, రాత్రి 10.15

మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు అక్కా. పొద్దున జడ వేసేటప్పుడు ఒక అలక, మధ్యాహ్నం రిమోట్ దగ్గర ఒక అలక, పడుకునే ముందు ఉమ్మడిగా ఇంకొకటి. కావలసినంత అప్పు ఇవ్వగలను. పరిహాసానికి అన్నాను, తప్పుగా అనుకోవద్దు; ఆ చపాతీ ముక్కల మాట చదివాక మా వాళ్ల అల్లరి మీద నాకున్న విసుగు కొంత తగ్గిన మాట నిజం.

బురుజు నీడ (కర్నూలు)
9 జూన్, ఉదయం 6.50

అమ్మా, నేను మహిళా శిశు సంక్షేమ శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి. మీ ప్రశ్నకు మనసు తెలిసినవారు జవాబిస్తారు. చదువుతున్న మిగతావారికి అపోహలు ఉండకుండా చట్టం మాట నేను చెబుతాను.

2015 నాటి బాలల న్యాయ చట్టంలో 44వ సెక్షన్ ఈ పద్ధతికి ఆధారం. కన్నవారు చూసుకోలేని స్థితిలో ఉన్న బిడ్డను గృహంలో పదిమంది మధ్య ఉంచేకంటే ఒక కుటుంబంలో ఉంచడం మేలన్న ఆలోచనతో, బాలల సంక్షేమ సమితి కొంతకాలానికి ఒక ఇంటికి అప్పగిస్తుంది. దత్తతలో బిడ్డ శాశ్వతంగా, వారసత్వంతో సహా ఆ ఇంటి బిడ్డ అవుతుంది. ఇక్కడ కన్నతల్లి హక్కు అలాగే ఉంటుంది, ఆమె బిడ్డను చూడవచ్చు, ఆమె కోలుకుంటే బిడ్డ తిరిగి వెళ్లవచ్చు. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉంటే వీలైనంతవరకు ఒకే ఇంట్లో ఉంచాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. సమితి ప్రతి నెలా ఆ ఇంటిని చూసి బిడ్డ క్షేమం తెలుసుకోవాలి. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద బిడ్డ పోషణకు నెలకు 4000 రూపాయలు ఇస్తారు. అంతకుముందు అది 2000 ఉండేది.

2024లో కేంద్రం మార్గదర్శకాలను సవరించింది. భార్యాభర్తలే కానక్కరలేదు, పెళ్లి కానివారు, భర్తను లేదా భార్యను కోల్పోయినవారు, విడాకులు తీసుకున్నవారు కూడా 35 ఏళ్లు దాటితే బిడ్డను పెంచుకోవచ్చు. మగవారు ఒంటరిగా ఉంటే మాత్రం మగపిల్లవాణ్ణే అప్పగిస్తారు. చట్టపరంగా దత్తతకు అర్హత ఉన్న బిడ్డ అయితే, పెంచిన కుటుంబమే దత్తత కోరడానికి పూర్వం ఐదేళ్లు ఆగవలసి వచ్చేది, ఇప్పుడు రెండేళ్లు చాలు. మీ పాపకు తల్లి ఉంది కనుక ఆ లెక్క మీకు వర్తించకపోవచ్చు. ఆ ఆశ పెట్టుకోకుండా ఉండటమే మీకు మంచిదని పెద్దవాణ్ణిగా చెబుతున్నాను.

కడప గడప (కడప)
9 జూన్, మధ్యాహ్నం 1.20

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి ఒకరైనా అడగాలి. "సాక్కుంటాం" అన్న మాట మా ప్రాంతంలో ఎన్ని అర్థాలకు వాడతారో నేను చూశాను. రాయచోటి, రాజంపేట వైపు తల్లులు కువైట్‌కు ఇంటిపనికి వెళ్లినప్పుడు పిల్లలు అవ్వల దగ్గర, చిన్నమ్మల దగ్గర, కొన్నిసార్లు ఏ సంబంధమూ లేనివారి దగ్గర మిగిలిపోతారు. మా వీధిలోనే ఒక ఇంట్లో అలా వచ్చిన పన్నెండేళ్ల పిల్ల ఉండేది. మంచి బట్టలు వేసేవారు, పండుగకు ఫోటోలు తీసేవారు, "మా ఇంటి బిడ్డ" అనేవారు. ఆ ఇంటి బిడ్డ మాత్రం పొద్దున నాలుగు గంటలకు లేచి వాకిలి చిమ్మి, అంట్లు తోమి, వారి పసివాణ్ణి చంకనేసుకుని, బడికి వారానికి రెండు రోజులు వెళ్లేది. ఆ పిల్లను కూడా అందరూ ఎంత బుద్ధిమంతురాలో అనే అనేవారు.

మీరు అటువంటివారని నేను అనడం లేదు. కానీ తొమ్మిదేళ్ల పిల్ల దుప్పటి మడతల గురించి చదివినప్పుడు, ఆ పిల్ల మీ ఇంట్లో ఇంకా ఏమేమి పనులు చేస్తోందో రాసి ఉంటే బాగుండేదనిపించింది. నెలకు 4000 వస్తున్నాయన్న సంగతి కూడా ఇప్పుడు బయటపడింది.

పెన్నాతీరం
9 జూన్, సాయంత్రం 5.05

అడగవలసిన ప్రశ్నే అడిగారు, నాకు కోపం రాలేదు. (కొంచెం వచ్చింది, కాఫీ తాగాక తగ్గింది.) పాప చేసే పనులు చెబుతాను. తన పళ్లెం తను కడుగుతుంది. వద్దంటే ముఖం మాడిపోతుంది కనుక ఊరుకుంటున్నాం. ఇది విత్తనాల కాలం కాబట్టి మా అత్తగారు చెనిక్కాయలు వొలుస్తూ కూర్చుంటే పక్కన కూర్చుని వొలుస్తుంది. అంతకుమించి ఏ పనీ లేదు. బడికి ఒక్క రోజు మానలేదు. ఆ డబ్బు పాప చదువుకూ బట్టలకూ పోగా మిగిలినది పాప పేరనే ఉంది, నెలనెలా వచ్చే అధికారికి లెక్క చూపిస్తున్నాం.

మీరు చెప్పిన ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?

కడప గడప
9 జూన్, రాత్రి 8.30

పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేశాం. తల్లి కువైట్ నుండి వచ్చి తీసుకువెళ్లింది. మేము చేసింది చాలా ఆలస్యంగా చేశామన్నది నాతో ఉండిపోయింది, అందుకే ఎక్కడ ఈ మాట వినిపించినా ముందు అనుమానమే పుడుతుంది. క్షమించండి.

నిర్వాహకుడు
9 జూన్, రాత్రి 9.00

పెన్నాతీరం గారు జతచేసిన ఫోటోను తొలగించాం. అందులో పాప వెనుక నుండే కనిపిస్తున్నా, బడి పేరున్న సంచి స్పష్టంగా ఉంది. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. చర్చ కొనసాగించవచ్చు.

చిత్రావతి (ధర్మవరం)
10 జూన్, రాత్రి 10.45

నేను పిల్లల మానసిక సమస్యల సలహాదారుగా పనిచేస్తున్నాను. పెన్నాతీరం గారూ, మీరు పొరపాటు చేయడం లేదు. మీరు చూస్తున్నది బుద్ధి కాదని మీకు ఇదివరకే తెలిసిపోయింది, ఎవరైనా ఆ మాట పైకి చెప్పాలని రాశారని నా అనుమానం.

గృహంలో గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, వరుసలో నిలబడాలి. అక్కడ పనిచేసేవారు ఎంత మంచివారైనా, ఉద్యోగాలు మారుతుంటాయి, ఎవరి మీద మనసు పెట్టుకున్నా ఆరు నెలలకు వాళ్లు వెళ్లిపోతారు. అటువంటి చోట పిల్లలు రెండు విద్యలు నేర్చుకుంటారు. ఎవరికీ అడ్డం రాకుండా ఉండటం ఒకటి, దొరికినప్పుడు దాచుకోవడం రెండోది. మీ పాప ఆ రెండింటితోనే మూడేళ్లు నెగ్గుకొచ్చింది. ఆ విద్యలను ఏడు నెలల్లో వదిలేయమంటే ఎందుకు వదులుతుంది? ఇది కూడా ఇంకొక గృహమే, ఇక్కడ గంట మాత్రం లేదు అని తను అనుకుంటూ ఉండవచ్చు.

శరీరానికి విటమిన్లు, ప్రోటీన్లు ఎంత అవసరమో బిడ్డ మనసుకు తల్లిలాంటి ఒక మనిషితో తెగని అనుబంధం కూడా అంతే అవసరమని బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో రాశాడు. దాన్ని విమర్శించినవారూ ఉన్నారు. తరువాత రొమేనియాలో జరిగిన అధ్యయనం సందేహం తీర్చింది. అక్కడ 1989లో ప్రభుత్వం కూలిపోయేనాటికి శిశుగృహాలు వేలాది పిల్లలతో కిక్కిరిసి ఉన్నాయి. 2000లో బుఖారెస్ట్‌లో 136 మంది పసిపిల్లలను తీసుకుని, లాటరీ వేసినట్టుగా సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగతావారిని గృహాల్లోనే ఉంచి, ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబాల్లో పెరిగినవారు తెలివిలోనూ, మనుషులతో మనసు కలుపుకోవడంలోనూ ముందున్నారు. రెండేళ్లు నిండకముందే ఇల్లు దొరికినవారికి ఆ మేలు మరింత ఎక్కువగా జరిగింది.

ఇది చదివి, మా పాపకు తొమ్మిదేళ్లు కదా, ఆలస్యమైపోయిందా అని కంగారు పడకండి. ఆ పిల్లలకు పుట్టిన దగ్గర నుండి ఎవరూ లేరు. మీ పాపకు ఆరేళ్లపాటు తల్లి ఉంది. ఆమెకు జబ్బు ఉండవచ్చు, కానీ ఆ ఆరేళ్లలో ఎత్తుకుంది, జోకొట్టింది, పేరుపెట్టి పిలిచింది. పాపలో ఆ పునాది ఉంది.

చేయవలసినవి పెద్దవేమీ కావు. దాచిన తిండి గురించి అడగవద్దు, తీసి పారేయవద్దు. మూత ఉన్న ఒక డబ్బా కొని, అందులో బొరుగులు, చెనిక్కాయలు, బెల్లం వేసి పాప మంచం దగ్గరే పెట్టండి. ఇది నీది, అయిపోతే మళ్లీ నింపుతాం అని ఒక్కసారి చెప్పి వదిలేయండి. నింపడం మాత్రం ఒక్కరోజు కూడా మరచిపోకూడదు. అమ్మా అని పిలవమని ఎవరూ, ముఖ్యంగా చుట్టాలు, బలవంతపెట్టకూడదు. దగ్గరకు లాక్కుని ముద్దుచేయడం కంటే మీ అత్తగారు చేస్తున్నదే సరైన పని. ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తే ఇటువంటి పిల్లలు ముడుచుకుపోతారు. పక్కపక్కన కూర్చుని చేతులు ఏదో పని చేస్తుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ చెనిక్కాయల దగ్గర పాప ఏం మాట్లాడుతోందో మీ అత్తగారిని అడిగారా?

పెన్నాతీరం
11 జూన్, ఉదయం 11.10

అడిగాను. నాకు నోట మాట రాలేదు. నాకు ఏడు నెలల్లో పది వాక్యాలు చెప్పని పాప మా అత్తగారికి బోలెడు చెప్పింది. వాళ్ల అమ్మ చింతపండు లేకుండా చారు చేసేదట, జడ చాలా గట్టిగా వేసేదట, ఒక్కోసారి రాత్రిపూట గోడతో మాట్లాడేదట. "అమ్మ గోడతో మాట్లాడేటప్పుడు నేను నిద్రపోయినట్టు పడుకుంటాంటి జేజీ" అని చెప్పిందట. అవును, మా అత్తగారిని జేజి (అవ్వ) అంటోంది! నాకు తెలియనే తెలియదు. నాకు ఎందుకు చెప్పలేదని అత్తగారిని అడిగితే, "నీకు చెప్తే నువ్వు పోయి కావలించుకుని ఏడుస్తావు, బిడ్డ బెదురుతుంది" అన్నారు. అన్నది నిజమే.

డబ్బా తెచ్చాను. ఇంకొక సంగతి అడగాలి. పోయిన నెల తల్లిని చూసి వచ్చాక పాప రెండు రోజులు నా వైపు చూడలేదు. మా ఆయనకు వేరే భయం ఉంది. ఆమె కోలుకుని పాప వెళ్లిపోతే మన గతేమిటి, మరీ దగ్గర కాకుండా ఉందాం అంటున్నారు. పైకి అనలేదు గానీ నాకూ ఆ ఆలోచన వచ్చింది.

సుగ్గి బిడ్డ (ఎమ్మిగనూరు)
12 జూన్, రాత్రి 11.30

అక్కా, నేను రాయాలా వద్దా అని నాలుగు రోజులుగా ఈ చర్చ చదువుతూ ఊరుకున్నాను. ఆ సంచి నాకు తెలుసు. నాది యూరియా సంచి.

మాది కోసిగి దగ్గర ఒక పల్లె. వానలు లేని ఏడు మా వైపు ఊళ్లకు ఊళ్లే తాళాలు వేసుకుని గుంటూరు వైపు మిరపకోతకు, పత్తితీతకు పోతాయి. దాన్ని మేము సుగ్గికి పోవడం అంటాం. నాకు పదేళ్లప్పుడు అలా వెళ్లిన చోట లారీ బోల్తాపడి మా నాయన పోయాడు, అమ్మ నడుము దెబ్బతిని సిరుగుప్ప దగ్గర తన పుట్టింటికి చేరింది. అక్కడ నాకు చోటు లేదు. మా నాయనకు పరిచయమున్న ఒక నేతగాళ్ల ఇంటివారు, కులమూ చుట్టరికమూ ఏదీ కలవని వాళ్లు, నన్ను ఎమ్మిగనూరుకు తెచ్చుకున్నారు. ఇప్పుడున్న సమితులు, ఉత్తర్వులు అప్పుడు మాకెవరికీ తెలియవు. నేను వాళ్లను పెద్దమ్మ, పెదనాయన అనేవాణ్ణి. వాళ్లకు నా ఈడు కొడుకు ఒకడున్నాడు.

ఆ ఇంట్లో మగ్గం గుంటలో పెదనాయన కూర్చునేవాడు, పెద్దమ్మ కండెలు చుట్టేది. వెళ్లిన మూడో రోజు నుండే నేను కండెలు చుట్టడం మొదలుపెట్టాను. ఎవరూ చెప్పలేదు. నా లెక్క ఏమిటంటే, పూటకు ఇన్ని కండెలు చుడితే ఆ పూట సంగటి నాకు బాకీ లేనట్టు. పెద్దమ్మ రెండో ముద్ద పెడితే ఇంకో నాలుగు కండెలు చుట్టేవాణ్ణి. పెదనాయనకు ఈ లెక్క అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఒక రోజు చేతిలో రాట్నం లాగేసుకుని "రేపటి నుంచి ముట్టుకుంటివా చూడు, పోయి ఆడుకోపో" అన్నాడు. నేను ఆడుకోవడానికి వెళ్లలేదు, సంచి సర్దుకుని గడప దగ్గర కూర్చున్నాను. పని తీసేశారు కాబట్టి పంపించేస్తారని అనుకున్నాను. పెదనాయన వచ్చి పక్కన కూర్చుని బీడీ వెలిగించి, ఏమీ మాట్లాడలేదు. అది అయిపోయాక లేచి, సంచి తీసుకుపోయి లోపల కొక్కేనికి తగిలించాడు. అంతే.

ఆ ఇంటివారు ఎంత మంచివారైనా నాకొక దిగులు ఉండేది. పెద్దమ్మ తన కొడుకును రోజూ తిట్టేది. వాడు పలక పగలగొడితే, చెప్పులు పోగొడితే, గొంతు వీధి చివరిదాకా వినిపించేది. నన్ను మాత్రం ఎన్నడూ తిట్టలేదు. "నాయనా, జాగ్రత్త" అనేది. ఆ నాయనా అన్న పిలుపు వింటే నేను ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణన్న సంగతి గుర్తుకొచ్చేది.

రెండేళ్లకు కాబోలు, నీలకంఠేశ్వర జాతరలో మా ఇద్దరికీ ఒకే రకం చొక్కాగుడ్డ కొన్నారు. వాడికి జేబు మీద కుట్టుపువ్వు వేయించారు, నాకు దర్జీ మరచిపోయాడు. అప్పటిదాకా దేనికీ నోరెత్తని నాకు ఎక్కడి నుండి వచ్చిందో తెలియదు, ఆ చొక్కా తీసి మూలకు విసిరేసి, అన్నం తినకుండా గుంటలో మగ్గం కింద దూరి కూర్చున్నాను. పెద్దమ్మ ఒకసారి పిలిచింది, రెండుసార్లు పిలిచింది, మూడోసారి వచ్చి "నీకు ముదనష్టం పట్టిందిరా, పువ్వు లేకపోతే ప్రాణం పోతుందా, తింటావా లేదా" అని ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చేటట్టు తిట్టింది. తన కొడుకును తిట్టే తిట్లే, ఒక్కటి కూడా తక్కువ చేయలేదు. నేను ఆ గుంటలో కూర్చుని వింటూ, ఏడుస్తున్నాను గానీ, లోపల ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను. కొత్త అల్లుడు అలకపాన్పు ఎక్కి కూర్చుంటాడే, ఎవరైనా కిందికి దిగమని బతిమాలతారన్న నమ్మకం ఉంటేనే కదా! పరాయి ఇంట్లో ఎవరు అలుగుతారు?

కాబట్టి మీ పాప అలగలేదని మీరు భయపడటం సరైనదే. తొందర మాత్రం పెట్టవద్దు. నాకు రెండేళ్లు పట్టింది.

కన్నతల్లి గురించి. మా అమ్మ ఏడాదికి రెండుసార్లు నడుముకు పట్టీ కట్టుకుని బస్సులో వచ్చేది. ఆమె వస్తుందంటే నాకు భయంగా ఉండేది. పెద్దమ్మ చేతి కూడు తిని నేను లావయ్యానని అమ్మకు కష్టం వేస్తుందేమోనని ఆ పూట తినేవాణ్ణి కాదు. అమ్మ ముందర నవ్వేవాణ్ణి కాదు, ఆమె వెళ్లాక పెద్దమ్మ ముఖం చూసేవాణ్ణి కాదు. మీ పాప రెండు రోజులు చూడకపోవడం అదే. మీ మీద ప్రేమ లేక కాదు, ఉన్నట్టు తెలిస్తే అక్కడ అమ్మకు ద్రోహం చేసినట్టవుతుందని. మా పెద్దమ్మ చదువుకోలేదు గానీ దీన్ని కనిపెట్టింది. అమ్మ వచ్చే ముందు రోజు ఓళిగలు చేసి, "మీ అమ్మకు నువ్వే పెట్టు" అని నా చేతికి ఇచ్చేది. నా మార్కుల కాగితం తను చూసినా, "ముందు మీ అమ్మకు చూపించు" అనేది. అమ్మ ముందర నన్ను తన బిడ్డ అని ఒక్కసారి కూడా అనలేదు. అందువల్ల నేను ఇద్దరిలో ఎవరినీ ఎంచుకోవలసిన అవసరం రాలేదు.

చిత్రావతి
13 జూన్, ఉదయం 7.20

నేను మూడు పేరాల్లో చెప్పబోయినది మగ్గం గుంటలో నుండి ఆయన చెప్పేశారు. ఒక్కటి మాత్రం కలుపుతాను, పెన్నాతీరం గారి భర్త కోసం. దగ్గర కాకుండా పెంచితే, వెళ్లిపోయేటప్పుడు బాధ మీకు తగ్గుతుందేమో, బిడ్డకు మాత్రం తగ్గదు. గృహంలో జరిగిందే ఇక్కడా జరిగిందని అనుకుంటుంది. ఒక ఇంట్లో మనసు పెట్టడం తెలిసిన బిడ్డ తల్లి దగ్గరకు వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా ఆ పని మళ్లీ చేయగలదు. ఆ బాధ పెద్దవాళ్లమైన మనం భరించవలసినదే, అధికారులతో మాట్లాడి పాప తరువాత కూడా మీ ఇంటికి వచ్చిపోయేలా చూసుకోవచ్చు.

బురుజు నీడ
13 జూన్, ఉదయం 9.00

వచ్చిపోవడానికి సమితి సాధారణంగా అడ్డు చెప్పదు, అది బిడ్డకు మేలనుకుంటే. అడిగి ఉత్తర్వులో రాయించుకోండి. సుగ్గి బిడ్డ గారి కథ విన్నవారు ఎవరైనా సరాసరి ఒక బిడ్డను ఇంటికి తెచ్చేసుకుందామని అనుకోవద్దు. ఆ కాలం వేరు. చట్టం చెప్పిన పద్ధతిని కాదని బయటివారి బిడ్డను దత్తతకు ఇవ్వడమూ తీసుకోవడమూ 80వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ.

చెనిక్కాయ
13 జూన్, మధ్యాహ్నం 12.40

సుగ్గి బిడ్డ అన్నా, ఆ చొక్కాకు పువ్వు వేయించారా లేదా? అది చెప్పకుండా ఆపేశారు.

సుగ్గి బిడ్డ
13 జూన్, రాత్రి 9.15

వేయించలేదు. అన్న చొక్కా మీది పువ్వునే పెద్దమ్మ విప్పేసింది. వాడు రెండు రోజులు అలిగాడు.

పెన్నాతీరం
7 జూలై, రాత్రి 9.35

చాలా రోజులకు వస్తున్నాను. నిన్న పీర్ల పండుగకు గూగూడు వెళ్లాం. అక్కడి పీరు కుళ్లాయిస్వామి అంటే మా అత్తగారికి గురి, ఏటా వెళతారు. జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. పాప మా అత్తగారి కొంగు పట్టుకుని నడిచింది. గాజుల అంగడి దగ్గర మా ఆయన "ఏం కావాలో తీసుకో" అంటే, మామూలుగా "ఏం వద్దు సార్" అనే పాప, ఎర్రవి, ఆకుపచ్చవి చాలాసేపు తిప్పి తిప్పి చూసి ఎర్రవి తీసుకుంది. ఇంటికి వచ్చాక ఈరోజు సాయంత్రం వాటిలో మూడు పగిలాయి. పగలగొట్టింది నేనే, మంచం మీద ఉన్నవి చూడకుండా దుప్పటి దులిపాను.

పాప ఆ ముక్కలు చూసింది, నన్ను చూసింది. "చూసుకోకుండా ఏందికి దులిపితివి?" అంది. మేడం అనలేదు. నేను క్షమించమన్నాను, రేపు కొత్తవి తెస్తానన్నాను. "నాకొద్దు పో" అని తలుపు దగ్గరకు వేసుకుని మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఇది ఆరు గంటల మాట. ఇప్పుడు తొమ్మిదిన్నర దాటింది, ఇంకా అన్నం తినలేదు. నేను తలుపు దగ్గరకు రెండుసార్లు వెళ్లి వచ్చాను. మా ఆయన ఎన్నడూ లేనిది వంటింట్లోకి వచ్చి "అలిగిందంటావా?" అని మూడుసార్లు అడిగారు. మా అత్తగారు నన్ను లోపలికి పోనివ్వడం లేదు. ఏం చేయమంటారు?

సుగ్గి బిడ్డ
7 జూలై, రాత్రి 9.42

పళ్లెంలో పెట్టి మూత వేసి లోపల పెట్టి రండి అక్కా. పిలవవద్దు. బతిమాలవలసినంత బతిమాలారు కదా, ఇక తన పంతం తనను కొంతసేపు అనుభవించనివ్వండి.

చెనిక్కాయ
7 జూలై, రాత్రి 9.50

ఉగ్గాని ఉంటే అది పెట్టండి.

కడప గడప
7 జూలై, రాత్రి 10.05

నిద్ర మానుకుని ఎదురుచూస్తున్నాను. ఏమైందో రాయండి.

పెన్నాతీరం
8 జూలై, ఉదయం 6.15

పళ్లెం ఖాళీగా ఉంది, కడగకుండా అక్కడే మంచం పక్కన వదిలేసింది. దుప్పటి మడవలేదు. ఇంకా నిద్రపోతోంది. సంచి మంచం కిందే ఉంది. పొద్దున్నే మా అత్తగారితో "ఎర్రవే తెమ్మను" అని చెప్పి మళ్లీ పడుకుందట, నాతో మాత్రం ఇంకా మాటల్లేవు. బడి టైముకు ముందు గాజుల అంగడి తెరుస్తారో లేదో చూసి వస్తాను.